అమ్మమ్మ జీవితం రాయమంటే కొడుకుల ఉద్యోగాల జాబితా తయారయింది, ఏమి చేయాలి?

దివిసీమ_మనవడు
మా అమ్మమ్మ 2024 కార్తీక మాసంలో కాలం చేశారు. సంవత్సరీకం నాటికి ఆమె జీవితం గురించి ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి బంధువులకు పంచాలని కుటుంబమంతా నిర్ణయించుకున్నాము. రాసే బాధ్యతను మా పెద్ద మేనమామ తీసుకున్నారు. ఆయన పంపిన చిత్తుప్రతిని నిన్న చదివాను. మొదటి పుటలో ఆమె ఎవరి కుమార్తె, ఎవరి ధర్మపత్ని అన్నది ఉంది. అక్కడి నుంచి ప్రథమ పుత్రుడు విద్యుత్ శాఖలో ఏ హోదాలో పదవీ విరమణ చేశారు, ద్వితీయ పుత్రుడు ఏ బ్యాంకులో పనిచేశారు, అల్లుళ్ళు ఏమి చదివారు, మనవలు ఏయే దేశాలలో స్థిరపడ్డారు అన్న వివరాలతో పుటలు నిండిపోయాయి. చివరన "సహనశీలి, అన్నపూర్ణ, ఉత్తమ ఇల్లాలు" అని ముగించారు. ఆమె ఫలానా పని చేసింది అని చెప్పే వాక్యం కోసం వెదికాను, ఒక్కటీ దొరకలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన రాత్రి ఇంట్లోని చిన్నపిల్లలనూ పక్కింటి పిల్లలనూ అటక మీదికి ఎక్కించి, తెల్లవారే దాకా నిచ్చెన మీద నిలబడి కాపలా కాసిన మనిషి గురించి "తుపానులో కుటుంబం తీవ్రంగా నష్టపోయింది" అని మాత్రమే ఉంది.

ఇంతకూ ఆమె వయస్సు కూడా తేలలేదు. ఆధార్ కార్డులో 1927 జనవరి 1 అని ఉంది, రేషను కార్డు లెక్క వేరుగా ఉంది, మామయ్య 97 ఏళ్ళు అంటారు, మా అమ్మ 94 అంటుంది. ఇటువంటి పుస్తకాలు మీ ఇళ్ళలో ఎలా రాశారో, వివరాలు ఎక్కడ సేకరించారో చెప్పగలరా? మామయ్య మనస్సు నొచ్చుకోకుండా ఈ పని జరగాలి.

కోనసీమ_కొబ్బరి
మా తాతమ్మ పుస్తకంలో ఆమె బొమ్మను ఎవరిదో పెళ్ళి ఫొటో నుంచి కత్తిరించి వేశారు, భుజం మీద ఇంకెవరిదో చెయ్యి మిగిలిపోయింది. ఆ చెయ్యి ఎవరిదన్నదే సంవత్సరీకం భోజనాల దగ్గర ముఖ్యమైన చర్చ అయి కూర్చుంది. మీ మామయ్య గారి చిత్తుప్రతి చాలా నయం.

తిథి_వారం
ఆధార్‌లో జనవరి 1 అని ఉన్నదంటే, చాలా మంది పెద్దవాళ్ళ విషయంలో జరిగినట్లే, పుట్టిన తేదీకి రుజువు లేక సంవత్సరాన్ని అంచనాగా వేసి ఉంటారు. దానిని పక్కన పెట్టండి. ఆమె తన పుట్టుక గురించి చెప్పిన మాట ఏదైనా, ఎంత చిన్నదైనా, ఇక్కడ రాయండి. ఏ పండుగ రోజులలో పుట్టారు, ఇంట్లో ఎవరి పెళ్ళి జరిగిన ఏడు, అటువంటివి.

దివిసీమ_మనవడు
"నేను ప్రమోదూతలో పుట్టాను, వరలక్ష్మీ వ్రతం నాడు. కలశం ముందు కూర్చోవలసిన మా అమ్మ పురిటి గదిలో ఉంది" అని చెబుతూ ఉండేవారు. ఆ అమ్మవారి పేరే పెట్టారు. మగవాళ్ళు ఉప్పు వండడానికి సముద్రపు ఒడ్డుకు వెళ్ళిన ఏడు అని కూడా అనేవారు.

తిథి_వారం
రెండు మాటలూ ఒకే చోటికి వస్తున్నాయి. ప్రమోదూత నామ సంవత్సరం 1930 ఉగాదికి మొదలయింది, ఉప్పు సత్యాగ్రహమూ ఆ వేసవిలోనే జరిగింది. ఆ ఏడు శ్రావణ పౌర్ణమి ఆగస్టు 9, శనివారం నాడు వచ్చింది కనుక దానికి ముందరి శుక్రవారం, అంటే వరలక్ష్మీ వ్రతం, ఆగస్టు 8 అవుతుంది. 2024 కార్తీకానికి ఆమెకు 94 నిండి 95వ ఏడు నడుస్తున్నది, మీ అమ్మగారి లెక్కే నిలిచింది. ప్రమోదూత అరవై ఏళ్ళు తిరిగి 1990లో మళ్ళీ వచ్చింది. వెయ్యి పున్నములు చూసినవారికి జరిపే సహస్ర చంద్ర దర్శన శాంతి ఆమెకు 2011లో జరిపి ఉండవలసింది. తాతగార్లకు షష్టిపూర్తి ఘనంగా చేస్తాము, పీటల మీద పక్కన కూర్చున్న మనిషికి అరవై ఎప్పుడు నిండిందో ఎవరూ లెక్క పెట్టరు.

మెట్ట_పైరు
పెద్దవాళ్ళు చెప్పిన సంవత్సరం పేరు తప్పదన్న నమ్మకం మరీ ఎక్కువగా పెట్టుకోకూడదు. మా నాయనమ్మ వయస్సు వృద్ధాప్య పింఛనుకు దరఖాస్తు పెట్టిన రోజున ఒక్కసారిగా పెరిగింది, మా చిన్నత్తకు సంబంధాలు చూస్తున్నప్పుడు అంతకంత తగ్గింది. అయితే ఉప్పు సత్యాగ్రహం సాక్ష్యం గట్టిది కనుక ఇక్కడ నేను వాదించను.

పాత_ఓటరు
"ఎవరి కుమార్తె, ఎవరి ధర్మపత్ని" అన్నది చదవగానే 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలు గుర్తుకు వచ్చాయి. ఓటర్ల జాబితా తయారు చేయడానికి వచ్చిన సిబ్బందికి ఎందరో స్త్రీలు సొంత పేరు చెప్పక, ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అని మాత్రమే చెప్పారు. అటువంటి నమోదులు చెల్లవని ఎన్నికల సంఘం నిర్ణయించడంతో దాదాపు 28 లక్షల మంది స్త్రీలు జాబితాకు ఎక్కలేకపోయారు, వారిలో ఎక్కువ మంది ఉత్తరాది రాష్ట్రాలవారు. ప్రభుత్వ రిజిస్టరులో అప్పుడే పనికిరాదన్న పద్ధతి మన సంస్మరణ పుస్తకాలలో ఇప్పటికీ మర్యాదగా చెలామణి అవుతున్నది.

పెద్దబాలశిక్ష
అందరూ ఆ పెద్దాయన మీద పడుతున్నారు గనుక ఆయన తరఫున నేను ఒక మాట చెబుతాను. ఆ తరం తల్లులు తమ గురించి తాము ఏమి చెప్పుకునేవారో ఒకసారి ఆలోచించండి. బస్సులో పక్క సీటులో కూర్చున్న మనిషికి మా అమ్మ మొదట చెప్పే సంగతి పెద్దవాడి ఉద్యోగం, రెండవది చిన్నవాడి జీతం. ఆ జాబితా ఆమె పండించిన పంట. పంటను చూపిస్తే రైతును అవమానించినట్లు అవుతుందా? ఈనాటి అభిప్రాయాలను ఆమె మీద రుద్ది, ఆమెకే లేని మనోవేదనను పుస్తకంలోకి తెచ్చిపెట్టడం కూడా న్యాయం కాదు.

మెట్ట_పైరు
పంటను చూపించండి, కాదనము. దున్నింది ఎవరో, నీళ్ళు కట్టింది ఎవరో కూడా రాయమంటున్నాము.

న్యూజెర్సీ_కోడలు
పెద్దబాలశిక్ష గారు చెప్పిన గర్వం నిజమైనదే. అయితే "మనవలు అమెరికాలో స్థిరపడ్డారు" అన్న వాక్యంలోనే ఆమె చేసిన పని దాగి ఉండవచ్చు, ఒకసారి అడిగి చూడండి. మా పిల్లలు పుట్టినప్పుడు ఆరు నెలలు మా అమ్మ, ఆమె తిరిగి వెళ్ళే సమయానికి మా అత్తగారు వచ్చి మరో ఆరు నెలలు ఉన్నారు. సందర్శకుల వీసా మీద వచ్చినవారిని సాధారణంగా ఆరు నెలలే ఉండనిస్తారు కనుక మా వీధిలోని తెలుగు ఇళ్ళన్నిటిలోనూ ఇదే ఏర్పాటు నడిచింది. పొలమూ పాడీ చూసుకున్న ఆడవాళ్ళు భాష తెలియని చోట, మంచు కురిసే నెలల్లో, నాలుగు గోడల మధ్య పసిపిల్లలతో గడిపారు. మేమిద్దరమూ ఉద్యోగాలు నిలబెట్టుకోగలిగింది ఆ కారణంగానే. ఇద్దరు వియ్యపురాళ్ళు విమానాశ్రయంలో కలుసుకునేది పావుగంట, ఆ పావుగంటలో పిల్లవాడిని అప్పజెప్పే పద్ధతి ఆసుపత్రి నర్సులు షిఫ్టు మార్చుకున్నట్లు ఉండేది: ఎప్పుడు పాలు తాగాడు, ఏ చెవిలో నొప్పి, ఏ పాటకు నిద్రపోతాడు. మా అమ్మ గురించి నేను రాయవలసి వస్తే ఆ అప్పగింతతోనే మొదలుపెడతాను.

కోనసీమ_కొబ్బరి
ఆ పావుగంటలో కోడలి మీద ఫిర్యాదులు కూడా చేతులు మారి ఉంటాయి.

న్యూజెర్సీ_కోడలు
మారాయి. నాకు తరువాత తెలిసింది.

ఉదయగిరి_ఉత్తరం
మాది నెల్లూరు జిల్లా. మా అమ్మ దాదాపు యాభై ఏళ్ళ వయస్సు దాకా వేలిముద్ర వేసిన మనిషి. 1990 తరువాత మా జిల్లాలో అక్షరదీపం కార్యక్రమం నడిచినప్పుడు పగలు కూలికి వెళ్ళి, రాత్రి వీధి దీపం కింద చదువుకు కూర్చునేది. ఇంట్లో మేము నవ్వేవాళ్ళము. ఆ చదువుల దగ్గరే సారా గురించిన పాఠం వచ్చింది, 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాన్ని అడ్డుకున్న కబురు ఊరూరా పాకింది, మా ఊళ్ళో కూడా ఆడవాళ్ళు ఏకమై సారా ప్యాకెట్ల సంచులను పంచాయతీ అరుగు ముందు పోసి తగలబెట్టారు. వాళ్ళలో మా అమ్మ ఉంది. మా నాన్న తాగుబోతు కనుక ఆ రోజు ఆమె ఎదుర్కొన్నది దుకాణదారుని ఒక్కడినే కాదు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయన్నది పుస్తకాలలో ఉంటుంది. మా అమ్మ ఆ రాత్రి ఇంటికి తిరిగి వచ్చి మాకు అన్నం పెట్టిందా లేదా, నాన్న ఏమన్నారు, ఆమె ఏమని బదులు చెప్పింది, ఇవి మేము రాయకపోతే ఎక్కడా ఉండవు.

ఆ ఉద్యమంలో నుంచే మా ఊళ్ళో పొదుపు సంఘం పుట్టింది. ఆమె పోయాక మేము వేసిన నాలుగు పుటల కరపత్రంలో ఆమె ఫొటో కింద, సంఘం తీర్మానాల పుస్తకంలో ఆమె మొదటిసారి పెట్టిన సంతకాన్ని అచ్చు వేయించాము. సంఘం లెక్కలు చూసే అమ్మాయి ఆ పుస్తకాన్ని భద్రంగా దాచింది. దివిసీమ_మనవడు గారు కూడా పొదుపు సంఘం, పాలకేంద్రం, చీటీల పుస్తకాలు వెదికించండి, ఆడవాళ్ళ లెక్కలు అక్కడ ఉంటాయి.

మునుగోడు_బావి
మా అమ్మ గురించి రాయడానికి కూర్చుంటే నాకు నీళ్ళు తప్ప మరొకటి రాలేదు. మా వైపు బోరు నీళ్ళల్లో ఫ్లోరైడు. ఇంటి దగ్గరి నీళ్ళు మంచివి కావని ఎవరో చెప్పిన నాటి నుంచి ఆమె తెల్లవారుజామున పొరుగూరి బావికి వెళ్ళి రెండు బిందెలు తెచ్చేది. ఆ నీళ్ళు పిల్లలకు, ఇంటి నీళ్ళు తనకు. మా పళ్ళు తెల్లగానే ఉన్నాయి, మా అమ్మ నడుము మాత్రం అరవై నిండకముందే వంగిపోయింది. త్యాగం అన్న మాట ఆమె సంస్మరణ కరపత్రంలో వేయవద్దని తమ్ముడితో గొడవ పడ్డాను, బావి ఎంత దూరమో వేస్తే చాలునన్నాను.

వయస్సు సంగతికి వస్తే, నిజాం ఇలాకా కాగితాలలో ఫసలీ సంవత్సరం కనబడుతుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అప్పటి లెక్కలో ఏడు అక్టోబరులో మొదలయ్యేది కనుక ఒక ఏడు అటూ ఇటూ చూసుకోవాలి. తెలంగాణ మిత్రులకు పనికి వస్తుందని రాశాను.

కోనసీమ_కొబ్బరి
మా తాతమ్మది యానాంలో జరిగిన పెళ్ళి. శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చి, 14 ఏళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేయడం నేరమయ్యాక, మా గోదావరి జిల్లాల వాళ్ళు ఫ్రెంచి వారి ఏలుబడిలోని యానాంకు వెళ్ళి చేసుకొని వచ్చేవారు. అందుకే యానాంకు కల్యాణపురం అని పేరు వచ్చింది. మా పుస్తకంలో "యానాంలో వైభవంగా వివాహం జరిగింది" అని ఉంది. ఎనిమిదేళ్ళ పిల్లను పడవ దాటించి తీసుకువెళ్ళారన్నది లేదు. ఆమె మాత్రం ఆ కథను పడవ కోసమే చెప్పేది, పెళ్ళికొడుకు ముఖం గుర్తు లేదనేది.

ఊరగాయ_జాడీ
ఒక విన్నపం. ఎవరి పుస్తకం తెరిచినా ఆవకాయ, తులసి కోట, పట్టుచీర, పెదవి మీద చిరునవ్వు. దయచేసి ఈసారి ఆవకాయ వద్దు.

మెట్ట_పైరు
ఆ మారుపేరు పెట్టుకొని మీరే ఇలా అంటే ఎలా?

ఊరగాయ_జాడీ
పేరు అందుకే పెట్టుకున్నాను. మా నాయనమ్మ చేసిన ఊరగాయలు ఊళ్ళోని దుకాణాలకు వెళ్ళేవి, ఆ డబ్బుతో ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసింది. "ఆమె చేతి ఆవకాయ అమృతం" అని రాసి ఆ వ్యాపారాన్ని వంటగది ముచ్చటగా మార్చేశారు. ఎన్ని మణుగుల కాయ కొనేది, అప్పు ఎవరి దగ్గర తెచ్చేది, ఎవరు ఎగ్గొట్టారు అన్నవి రాసేటట్లయితే ఆవకాయ కూడా ఉండనివ్వండి.

దస్తావేజు_రాయసం
నేను దస్తావేజులు రాసే వృత్తిలో చాలా కాలం ఉన్నాను. అమ్మమ్మ గారికి పుట్టింటివారు పసుపు కుంకుమల కింద భూమి ఏమైనా ఇచ్చారా అన్నది ముందు అడగండి. కృష్ణా డెల్టాలో ఒకటి రెండు ఎకరాలు ఉన్న ఇళ్ళవారు కూడా ఆడపిల్లకు కొంత ఇచ్చేవారు, చాలా సార్లు నోటి మాటగానే ఇచ్చేవారు. 1956 హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షను వల్ల స్త్రీ చేతిలో ఉన్న అటువంటి ఆస్తి ఆమెకు పూర్తి హక్కుతో సంక్రమించింది, కనుక అమ్మవలసి వచ్చినప్పుడు ఆమె సంతకమో వేలిముద్రో లేకుండా పని జరిగేది కాదు. తండ్రి ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు వాటా అన్నది మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి వర్తించిన సవరణతో వచ్చింది, అదీ అప్పటికి పెళ్ళి కాని వారికే, కనుక మీ అమ్మమ్మ గారికి అది అందదు. ఆమె పేరు వెదకవలసింది అమ్మకపు దస్తావేజులలోనే.

1983 తరువాతి లావాదేవీలకు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, కంప్యూటరులో వస్తుంది. అంతకు ముందరివి కావాలంటే సర్వే నంబరు పట్టుకొని సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పాత పుస్తకాలు వెదికించి నకలుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఓపిక కావాలి. మరొక సంగతి ఏమంటే, పాత దస్తావేజులలో అమ్మేవారు ఆ ఆస్తి తమకు ఎలా వచ్చిందో, ఏ అవసరానికి అమ్ముతున్నారో చెబుతారు. ఆనాటి చదువురాని స్త్రీ "నేను" అని చెప్పుకున్న కాగితం ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉన్నదంటే అది చాలా వరకు ఇదే.

పెద్దబాలశిక్ష
సంస్మరణ పుస్తకానికి సర్వే నంబర్లు వెదకడం దాకా వచ్చింది వ్యవహారం. అన్నదమ్ముల మధ్య పాత పొలం తగాదా ఏదైనా నిద్ర లేస్తే ఎవరిది బాధ్యత?

దస్తావేజు_రాయసం
అమ్మేసిన పొలానికి తగాదా లేదు. ఉన్న పొలానికి పుస్తకం లేకపోయినా తగాదా ఉంటుంది.

దివిసీమ_మనవడు
కొంత ఆలస్యంగా రాస్తున్నాను, నకలు రావడానికి సమయం పట్టింది. దస్తావేజు_రాయసం గారు ఊహించినది ఉంది. 1970లో ఆమె ఒక ఎకరం అమ్మారు. "నా వివాహ కాలమందు నా తల్లిదండ్రులు పసుపు కుంకుమల క్రింద నాకు యిచ్చినదిన్నీ, అది మొదలు నా స్వాధీనానుభవములో వుండినదిన్నీ" అని ఉంది, తరువాత "నా పెద్ద కుమారుని విద్యా వ్యయముల నిమిత్తము" అని ఉంది, అడుగున వేలిముద్ర ఉంది. మామయ్య కాకినాడ ఇంజనీరింగు కళాశాలలో చేరింది ఆ ఏడే. తన చదువుకు తాతగారు ధాన్యం అమ్మి పంపారనే ఆయన ఇన్నేళ్ళుగా అనుకుంటున్నారు. కాగితం చూపించాను. చాలా సేపు చదివి, "మరి నాకు ఎందుకు చెప్పలేదు?" అని మా అమ్మను అడిగారు. "నువ్వు అడగలేదు కదరా అన్నయ్యా" అంది అమ్మ. ఆయన చిత్తుప్రతిని వెనక్కి తీసుకున్నారు, కోపంతోనా మరో విధంగానా అన్నది ఇంకా తెలియదు.

పాలకేంద్రం పుస్తకాలు ఉప్పెనకు ముందువి పోయాయి. తరువాతి వాటిలో పాలు పోసిన లెక్కలు తాతగారి పేరున ఉన్నాయి. గేదె పొదుగు కింద ఆయన కూర్చోవడం మాత్రం ఊళ్ళో ఎవరూ చూడలేదు.

పెద్దబాలశిక్ష
ఆ ఎకరం సంగతి పుస్తకంలో వేయాలంటే మీ మామయ్య గారి అనుమతి తీసుకోవాలి. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషిని బంధువుల ముందు అప్పు పడ్డవాడిలా నిలబెట్టకూడదు.

ఉదయగిరి_ఉత్తరం
అనుమతి అడగడం సరే, ఆయననే రాయమనండి. ఆ ఒక్క ప్రకరణం ఆయన రాస్తే మిగతావన్నీ ఇంకెవరు రాసినా సరిపోతుంది.

దివిసీమ_మనవడు
రాస్తున్నారు. ఉద్యోగాల జాబితాను ఒక పుటకు కుదించి చివరకు నెట్టారు, పూర్తిగా తీసివేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. పెద్దబాలశిక్ష గారి మాట విన్న తరువాత నేను కూడా పట్టు పట్టలేదు.

ఇప్పుడు మరొక విషయం తేలింది. మామయ్యకూ మా అమ్మకూ మధ్య ఒక ఆడపిల్ల పుట్టి, మూడేళ్ళ వయస్సులో అమ్మవారు పోసి పోయిందట. వంశవృక్షంలో ఆ పాప లేదు. పిల్లలకు టీకాలు వేయడానికి ఎవరు వచ్చినా అమ్మమ్మ వీధిలోని పిల్లలందరినీ చేయి పట్టి లాక్కుని వెళ్ళేవారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు, ఆ తొందర ఎందుకో మాకు ఇప్పుడు అర్థమయింది. పాప పేరు వేయాలా, వద్దా అన్నదాని మీద ఇంట్లో ఏకాభిప్రాయం లేదు.

న్యూజెర్సీ_కోడలు
వేయండి. ఆమెకు ఎంతమంది పిల్లలు అన్న ప్రశ్నకు ఆమె లెక్కనే పాటించాలి.

పెద్దబాలశిక్ష
ఆమె నోరు తెరిచి చెప్పని సంగతిని మనము అచ్చు వేయడం నాకు సమ్మతం కాదు. వంశవృక్షంలో పేరు వేసి ఊరుకోండి, కథ వద్దు.

మునుగోడు_బావి
ఈ ఒక్కదానిలో పెద్దబాలశిక్ష గారితో నేను ఏకీభవిస్తాను. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. టీకాల సంగతి మరొక పుటలో వేయండి, చదివేవాళ్ళు కలుపుకుంటారు.

దివిసీమ_మనవడు
మా అమ్మ కూడా అదే అంది. అలాగే చేస్తున్నాము. ఉప్పెన రాత్రి గురించి అటక మీద ఉన్న పక్కింటి పిల్లలలో ఒకాయన తానే రాసి ఇస్తానన్నారు, ఆయనకు ఇప్పుడు మనవలు ఉన్నారు. 1970 దస్తావేజులోని ఆ పుటను పుస్తకంలో యథాతథంగా అచ్చు వేయవచ్చా?

దస్తావేజు_రాయసం
వేయవచ్చు. అయితే కొన్నవారి పేరు, సర్వే నంబరు, వేలిముద్ర కనబడకుండా చేయండి. అమ్మిన ధర కూడా తీసివేయండి. స్టాంపు ఖర్చు తగ్గడానికి దస్తావేజులలో ధరను తక్కువగా వేయించుకోవడం ఆ రోజులలో మామూలు, ఆ అంకెను చూసి ఇంత చవకగా అమ్ముకుందా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు.

మెట్ట_పైరు
మా ఇంట్లో అయితే అనేది మా చిన్నాన్న.

దివిసీమ_మనవడు
మా ఇంట్లో ఇప్పటికే ఇద్దరు అన్నారు. ధర తీసివేయించాను, ప్రతి రేపు ముద్రణాలయానికి వెళుతుంది.